మద్దిలేటి కొమ్మ మీద బదనిక

నల్లమల అడవిలో, వాగు ఒడ్డున ఒక రాతిగుట్ట మీద పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ఫాల్గుణం వచ్చిందంటే పొద్దు పొడిచేసరికి దాని కిందంతా ఇప్పపూలు తెల్లగా, కండపట్టి, తేనె వాసనతో పరుచుకునేవి. దుప్పులు వచ్చేవి, అడవిపందులు వచ్చేవి, నెమళ్లు వచ్చేవి. గుట్ట వెనక గుహలోంచి ఓబులమ్మ అనే ముసలి ఎలుగుబంటి వచ్చి, గొంతుదాకా మేసి, మత్తెక్కి, ఇంటికి పోవడం మరిచిపోయి అక్కడే గురక పెట్టేది. ఎవరూ ఎవరినీ తరిమేవాళ్లు కాదు. అందరికీ సరిపడా రాలేవి మరి.

ఆ చెట్టు మీద కాపురం కొండముచ్చుల మందది. మందకు పెద్ద మద్దిలేటి. మద్దిలేటి తోక పొడుగు, గొప్పలు అంతకన్నా పొడుగు. ఆ చెట్టును నాటింది వాడు కాదు, దానికి నీళ్లు పోసింది వాడు కాదు. అయినా కింద ఎవరు పూలు ఏరుకుంటున్నా పైనుంచి ఒక దగ్గు దగ్గి, "తినండి, తినండి! మన చెట్టే! మొహమాటపడకండి!" అనేవాడు. ఓబులమ్మ తల కూడా ఎత్తేది కాదు.

అంత గొప్పవాడికీ ఒక దిగులుండేది. ఇప్పచెట్టు మాఘమాసంలో ఆకు రాలుస్తుంది. పూలు పూసేనాటికి కొమ్మల మీద ఒక్క ఆకుండదు. వాగు అవతలి నేరేడు చెట్టు మాత్రం ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. దాని మీద ఇంకో కొండముచ్చుల మంద. వాళ్లకు పనీపాటా తక్కువ, నోరు ఎక్కువ. ఎండలు ముదిరేసరికి వాగు ఒడ్డున వరసగా కూర్చుని ఇటు చూసి నవ్వేవాళ్లు.

"ఒరేయ్, అటు చూడండ్రా! ఎండుకట్టె మీద ఎండుచేపను ఆరేసినారు!"

"చేప కాదురా, వాళ్ల దొర!"

మద్దిలేటి మొహం అసలే నలుపు కాబట్టి అది మాడిపోయిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు, ఒక్క లింగమ్మకు తప్ప. లింగమ్మ వాడి పెళ్లాం. మాట కటువు, చూపు సూటి.

"అననీయ్‌లేవయ్యా," అనేది లింగమ్మ. "ఈ నెలలో వాళ్ల నేరేడు కింద తినడానికేముంది? ఆకులు నములుతా మన పూల వాసన పీల్చుకుంటున్నారు. కడుపు మండి కూస్తున్నారు."

"నీకేం తెలుసే పరువంటే?" అనేవాడు మద్దిలేటి.

"నిజమే, నాకు తెలిసింది పూలు."

ఇట్లా ఉండగా ఒక ఎండాకాలం, బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చి మద్దిలేటి ఎదురుగా వాలింది. బూడిద రంగు ఒళ్లు, పొట్టి ముక్కు, క్షణం కుదురుగా ఉండని కాళ్లు. పేరు చుక్కమ్మ. దాని తిండి బదనిక పండ్లు. బదనిక తెలుసు కదా, వేరే చెట్ల కొమ్మల మీద మొలిచి, అక్కడే పెరిగి, అక్కడే గుబురు కట్టే మొక్క. ఆ పండు లోపలి గింజ చుట్టూ జిగట. చుక్కమ్మ పండు మింగుతుంది, కాసేపటికి ఆ గింజ వెనకనుంచి బయటికి వస్తుంది, జిగటకు ఊడిపడదు. అప్పుడు కొమ్మకు అటూ ఇటూ రాసి తుడుచుకుంటుంది. ఆ గింజ కొమ్మకు అంటుకుంటుంది. చుక్కమ్మ జీవితంలో చేసిన వ్యవసాయమంతా అదే.

"దండాలు దొరా!" అంది చుక్కమ్మ. "ఎంత దూరం నుంచి చూసినా ఈ అడవిలో కనపడే మొహం తమరిదే."

మద్దిలేటి వెన్ను నిటారు చేశాడు. "ఎవరు నువ్వు?"

"తమరి పేరు విని వచ్చినదాన్ని దొరా. కానీ చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఇంత దొర, ఇంత ఎండలో, ఒక్క ఆకు నీడైనా లేకుండా! ఆ అవతలి వాళ్లేమో పందిరి కింద పెళ్లివాళ్లలాగా కూర్చున్నారు."

మద్దిలేటికి సరిగ్గా పుండు మీద వేలు పడింది. "చెట్టు స్వభావం అది. ఏం చేస్తాం?"

"నేను చేస్తా. తమరు కూర్చునే కొమ్మేదో చూపిస్తే చాలు. అక్కడ ఒక పచ్చటి గుబురు లేపుతా. మాఘమొచ్చినా, చైత్రమొచ్చినా ఆకు రాలదు. పైగా ఎర్రటి పూలు పూస్తుంది, నేరేడుకు అవి కూడా లేవు."

"నీకేం కావాలి?"

"నాకేం కావాలి దొరా? తమరి నీడన నాలుగు పండ్లు ఏరుకు తింటా."

మద్దిలేటి తన కొమ్మ చూపించాడు. అది చెట్టుకంతటికీ లావాటి కొమ్మ, వాగు మీదికి వాలి ఉంటుంది. అక్కడ కూర్చుంటే అవతలి ఒడ్డుకు బాగా కనపడుతుంది, అందుకే వాడికది ఇష్టం. చుక్కమ్మ గిర్రున తిరిగి, తోక కొమ్మకు ఆనించి, శుభ్రంగా తుడుచుకుంది.

లింగమ్మ ముక్కు మూసుకుంది. "అయ్యా, అది నీ కొమ్మ మీద రెట్ట వేసింది."

"విత్తనం నాటిందే, మొద్దూ!" అన్నాడు మద్దిలేటి.

మరుసటి వానలకు ఆ గింజ మొలిచింది. ఆ పై ఏడాదికి దట్టమైన ఆకులతో గుబురు కట్టింది. ఆ మాఘంలో ఇప్పచెట్టు ఎప్పటిలాగే ఆకంతా రాల్చేసింది గానీ, వాగు మీది కొమ్మ మీద మాత్రం పచ్చటి గంప బోర్లించినట్టు బదనిక నిలబడింది. దాని నిండా ఎర్రటి గొట్టాల్లాంటి పూలు. మధ్యలో మద్దిలేటి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

అవతలి ఒడ్డుకు ఆ మంద వచ్చింది. నవ్వడానికి వచ్చినవాళ్లు నోళ్లు తెరిచి, అట్లాగే మూసుకుని వెనక్కి పోయారు. ఆ రోజంతా మద్దిలేటి తిండి తినలేదు, ఆకలి గుర్తురాలేదు.

"చూశావా?" అన్నాడు లింగమ్మతో.

"చూశా. చెట్టంతా ఎండి ఉంది, నువ్వొక్కడివే పచ్చగా ఉన్నావు."

వాడు దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాడు.

ఆ చెట్టు మానులో ఒక తొర్ర ఉంది. అందులో సుంకన్న అనే వడ్రంగిపిట్ట కాపురం. పొద్దున లేస్తే ముక్కుతో కొమ్మలన్నీ తట్టి, ఎక్కడ పురుగు దూరిందో చప్పుడును బట్టి కనిపెట్టి, తవ్వి తినడం వాడి పని. పొగడ్త వాడికి చేతకాదు. ఒకరోజు వాగు మీది కొమ్మ మీదికి వచ్చి, బదనిక అంటుకున్న చోట టకటకా తట్టాడు. అక్కడ కొమ్మ కణుపు కట్టి, మోకాలు వాచినట్టు వాచి ఉంది.

"మద్దిలేటీ, ఒక మాట. దీనికి నేలలో వేరు లేదు," అన్నాడు సుంకన్న.

"అయితే?"

"అయితే ఏం తాగి బతుకుతోందనుకున్నావు? వేరు నీ కొమ్మలో దింపింది. చెట్టు కింద నుంచి లాగిన నీళ్లు ఇక్కడిదాకా వస్తున్నాయి, ఇక్కడినుంచి ముందుకు పోవడం లేదు. ఈ గుబురు దాటాక కొమ్మ చూడు, చివర్లు గుల్లబారినాయి. ఇప్పుడైతే ఈ ఒక్క కొమ్మతో పోతుంది. విరిచెయ్."

మద్దిలేటి నవ్వాడు. "పురుగులు తినే మొహం నీది. నువ్వా నాకు చెట్టు సంగతి చెప్పేది?"

చుక్కమ్మ గుబురులోంచి తల బయటపెట్టింది. "దొరా, నేనొకటి అడుగుతా, కోప్పడొద్దు. చెట్టుకు ముక్కుతో బొక్కలు పొడిచేదెవరు? నేనా, ఈయనా?"

"ఈయనే!" అన్నాడు మద్దిలేటి.

"మరి చెట్టుకు చేటు చేసేదెవరు?"

"ఈయనే!" ఇంత తెలివైన సంగతి తనంతట తానే కనిపెట్టినట్టు మద్దిలేటి తొడ చరుచుకున్నాడు.

సుంకన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "చుక్కమ్మా, నువ్వు ఇక్కడికి రాకముందు పల్లె పక్కన మామిడితోటలో ఉండేదానివి గదా? అక్కడ నుంచి ఎందుకు వచ్చేసినావు?"

"గాలి పడలేదు," అంది చుక్కమ్మ.

"గాలి కాదు, గొడ్డలి. నీ బదనిక పట్టిన కొమ్మలన్నీ తోట రైతు నరికి పొయ్యిలో పెట్టినాడు. నేను చూసినా."

మద్దిలేటి చెవిన అది పడలేదు. వాడి చెవులు అప్పటికే పొగడ్తతో బిగుసుకుపోయి ఉన్నాయి. "నువ్వు నా చెట్టు మీద ఉండొద్దు సుంకన్నా. రేపటికల్లా తొర్ర ఖాళీ చెయ్," అన్నాడు.

"రేపటిదాకా ఎందుకు?" అని సుంకన్న అప్పుడే రెక్కలు విదిల్చి, వాగు దిగువన ఒక మద్దిచెట్టు మీదికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే చుక్కమ్మ అడగాల్సింది అడిగింది. "దొరా, తమరొక్కరే పచ్చగా ఉంటే బాగోదు. చెట్టంతా పచ్చగా ఉంటే, ఆ నేరేడు తమరి చెట్టు ముందు తుప్పలాగా కనపడదూ?"

"పెట్టు! ప్రతి కొమ్మ మీదా పెట్టు!" అన్నాడు మద్దిలేటి.

చుక్కమ్మ ఒక్కతే ఎక్కడ పెడుతుంది? అన్నను పిలిచింది, అక్కను పిలిచింది, పినతల్లి పిల్లలను పిలిచింది. పొద్దస్తమానం తినడం, ఎగరడం, తుడుచుకోవడం. మూడు వానాకాలాలు గడిచేసరికి ఇప్పచెట్టు మీద బదనిక లేని కొమ్మ వెతికితే గానీ దొరకలేదు. మాఘమొచ్చినా చెట్టు పచ్చగానే ఉంది. మద్దిలేటి రోజుకు రెండుసార్లు వాగు ఒడ్డుకు దిగి, దూరంనుంచి తన చెట్టును తానే చూసుకుని మురిసిపోయేవాడు.

ఫాల్గుణం వచ్చింది. పొద్దున్నే ఓబులమ్మ వచ్చింది. కింద ముక్కు ఆనించి వాసన చూసింది. ఒక పువ్వు దొరికింది. అటు తిరిగితే ఇంకో రెండు. చెట్టు చుట్టూ తిరిగేసరికి దోసెడు. దుప్పులు రావడం, కాసేపు నిలబడటం, తిరిగి పోవడం అయిపోయింది.

"ఒరే మద్దిలేటీ," అంది ఓబులమ్మ, మొదటిసారి తల ఎత్తి. "పూలేవిరా?"

మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. ఆ జవాబు ముందురోజే చుక్కమ్మ వాడికి నేర్పింది. "ఈ ఏడు చెట్టు సత్తువంతా ఆకులకు పోయిందత్తా. పై ఏటికి రెండింతలు పూస్తుంది."

"ఆ ఆకులు చెట్టువా?"

"చెట్టు మీదివే గదా?"

ఓబులమ్మ వాడి ఒంటిని ఒకసారి ఎగాదిగా చూసింది. "నీ ఒంటి మీద పేలు ఉన్నాయి. వాటిని కూడా నీ పిల్లలంటావేమో," అని గుట్ట వెనక్కి వెళ్లిపోయింది.

మందలో ఆకలి మొదలైంది. ఆ నెలంతా పూలతో గడిపే మంద అది. చంకలో పిల్లలున్న తల్లులు ఎండాకులు నమిలారు. పాలు చాలక పిల్లలు కీచుమంటుంటే లింగమ్మ వచ్చి మద్దిలేటి ముందు నిలబడింది.

"ఏమయ్యా, పూలు లేవు. ఆ గుబురుల నిండా పండ్లున్నాయి గదా. అవన్నా పిల్లలకు పెట్టించు. నీ చెట్టు మీదివే గదా?"

మద్దిలేటికి అది న్యాయంగానే తోచింది. గుబురులోకి చెయ్యి పెట్టాడు. వెంటనే పది పిట్టలు వాడి మొహం మీద వాలి అరిచాయి.

"ఏయ్! ఏయ్! ఎవరది? మా పండ్లు!"

"మీవా?" అన్నాడు మద్దిలేటి తెల్లబోయి. "చుక్కమ్మా, వీళ్లకు చెప్పు, నేనెవరో."

చుక్కమ్మ పండు మింగుతూ చూసింది. "తెలుసులే దొరా. కానీ ఇవి పిట్టల పండ్లు. తమరికి పడవు."

మద్దిలేటి పౌరుషంతో గుప్పెడు పండ్లు తెంపి నోట్లో వేసుకుని నమిలాడు. జిగట నాలుకకు పట్టింది, అంగిలికి పట్టింది. పెదవులు అతుక్కున్నాయి. వేళ్లతో లాగబోతే వేళ్లు పెదవులకు అంటుకున్నాయి. తోకతో తుడుచుకోబోతే తోక కూడా వచ్చి చేరింది. మూతి, చెయ్యి, తోక ఒకచోట ముడిపడి, మందకు పెద్ద అయినవాడు కొమ్మ మీద గుండ్రంగా దొర్లుతూ 'మ్మ్, మ్మ్' అన్నాడు. పిల్లలు ఆకలి మరిచి నవ్వారు. వాగు అవతలివాళ్లయితే నవ్వలేక ఒకరి మీద ఒకరు పడ్డారు.

లింగమ్మ వాగు ఇసుకతో రుద్ది రుద్ది ఆ జిగట వదిలించింది. వెంట్రుకలు కూడా కొన్ని వదిలాయి.

నోరు విడివడగానే మద్దిలేటి చుక్కమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు పెట్టినవన్నీ పీకెయ్! ఇప్పుడే! నా చెట్టు నాకు కావాలి!"

"నేనెట్లా పీకుతా దొరా?" అంది చుక్కమ్మ, ఎంతో నెమ్మదిగా. "నా ముక్కు చూడు, ఎంత ఉంది? పైగా నేను పెట్టిందేముంది? నేను చేసిందల్లా తినడం, తుడుచుకోవడం. ఎక్కడ తుడుచుకోవాలో చూపించింది తమరు. చెట్టంతా తుడుచుకోమన్నదీ తమరే."

మద్దిలేటి నోరు మళ్లీ మూసుకుపోయింది. ఈసారి జిగట లేదు.

వాడు ఆవేశంలో ఒక గుబురు ఆకులన్నీ దూసి పారేశాడు. పదిరోజులకు అక్కడే, ఆ వాచిన కణుపులోంచే, మళ్లీ చిగుళ్లు వచ్చాయి. అప్పుడు లింగమ్మ ఇక వాణ్ని అడగలేదు. దిగి, వాగు వెంట నడిచి, మద్దిచెట్టు కింద నిలబడింది.

"సుంకన్నా, మావాడు నిన్ను తరిమినాడు. నేను నోరెత్తలేదు. తప్పు నాది కూడా. పిల్లలు ఎండిపోతున్నారు, వచ్చి ఒకసారి చెట్టు చూడు."

సుంకన్న వెంటనే దిగలేదు. ముక్కుతో బెరడు రెండుసార్లు తట్టాడు. "ఆకులు పీకినారా?"

"పీకినాం. మళ్లీ వచ్చినాయి."

"వస్తాయి. వేరు కొమ్మ లోపల ఉంటే పైన ఆకులు పీకి ఏం లాభం? కొమ్మే పోవాలి. గుబురుకు జానెడు ఇవతల, మాను వైపు, చప్పుడు గట్టిగా వచ్చే చోట విరవాలి. ఆ చోటు నేను చూపిస్తా. విరిచే సత్తువ మీకు లేదు. ఓబులమ్మను పిలువు."

ఓబులమ్మ వచ్చింది. తిట్టుకుంటూ, రొప్పుతూ చెట్టెక్కింది. సుంకన్న కొమ్మ కొమ్మకూ తట్టి విని, "ఇక్కడ" అంటే అక్కడ ఆమె పంజా పడేది. పెళపెళమని కొమ్మలు విరిగి గుట్ట మీద పడుతుంటే పిట్టలు కేకలు పెట్టాయి. పచ్చటి గుబురులన్నీ కింద కుప్ప పడ్డాయి. పైన మిగిలింది మోడులాంటి మాను, నాలుగు బక్క కొమ్మలు. చూడటానికి ఘోరంగా ఉంది. కానీ మాను తట్టి చూసిన సుంకన్న, "గట్టిగా ఉంది. బతుకుతుంది," అన్నాడు.

చివరికి అందరూ వాగు మీది కొమ్మ దగ్గరికి వచ్చారు. మద్దిలేటి గుబురును రెండు చేతులా కావలించుకుని కూర్చుని ఉన్నాడు. వాడి చెవి దగ్గర చుక్కమ్మ.

"దొరా, ఇదొక్కటైనా నిలబెట్టుకో. ఇది కూడా పోతే తమరికీ ఆ మందలోవాళ్లకీ తేడా ఏముంది? ఎండుకట్టె మీద..."

ఆ పిట్ట నిన్నగాక మొన్న తనను ఏమన్నదో మద్దిలేటికి గుర్తే. గుర్తున్నా, ఆ మాట తియ్యగానే ఉంది. "దీన్ని ముట్టుకుంటే ఊరుకోను!" అని పళ్లు చూపించాడు.

"ఒరే, జరుగురా," అంది ఓబులమ్మ.

"నా కొమ్మ! నేను పెద్దను!"

ఓబులమ్మ లింగమ్మ వైపు చూసింది. లింగమ్మ మొగుడి వైపు చూసింది. వాణ్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ, ఆకుల నడుమ వాడి మొహం చూశాక తిట్టడం కూడా దండగ అనిపించింది. "వదిలెయ్ అత్తా," అంది. "పిల్లలను మాత్రం ఎవరూ ఆ కొమ్మ మీదికి పోనివ్వొద్దు."

వైశాఖంలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మంద అంతా మానును కరుచుకుని కూర్చుంది. మద్దిలేటి తన గుబురులో కూర్చున్నాడు. గాలికి బక్క కొమ్మలు ఊగి ఊరుకున్నాయి. ఆకుల బరువున్న ఆ గుబురు మాత్రం తెరచాపలాగా గాలినంతా పట్టింది. వాచిన కణుపు దగ్గర కొమ్మ టప్పున విరిగింది. బదనికతో సహా, పూలతో పండ్లతో సహా, మద్దిలేటి వాగులో పడ్డాడు. అంత ఎండాకాలంలో వాగులో నీళ్లుండవు. బురద ఉంటుంది.

చుక్కమ్మ అప్పటికే ఎగిరిపోయింది. కొమ్మ మొదటిసారి కిర్రుమన్నప్పుడే పోయింది, పోతూ మాట కూడా చెప్పలేదు.

మద్దిలేటి కుంటుకుంటూ, ఒంటినిండా బురదతో, బురద మీద జిగటతో, జిగట మీద ఆకులతో చెట్టెక్కాడు. మాను పంగగా చీలే చోట, మందకు పెద్ద కూర్చోవాల్సిన చోట, లింగమ్మ కూర్చుని ఒక పిల్లకు పేలు చూస్తోంది.

"జరుగు. అది నా చోటు," అన్నాడు.

"నీ చోటు వాగులో పడి ఉంది. పోయి కూర్చో," అంది లింగమ్మ, తల ఎత్తకుండానే.

మద్దిలేటి చుట్టూ చూశాడు. ఒక్కరైనా తన వైపు మాట్లాడతారేమోనని. అందరూ ఉన్నట్టుండి తమ తోకల్లో ఏదో వెతుక్కోవడంలో మునిగిపోయారు.

వానలు పడ్డాయి. ఇప్పచెట్టు మానునుంచి కొత్త చిగుళ్లు ఎర్రగా పొడుచుకొచ్చాయి. సుంకన్న మళ్లీ తన తొర్రలోకి వచ్చాడు. చుక్కమ్మ జాతి పిట్టలు ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, కొమ్మల మీద అక్కడో గింజ ఇక్కడో గింజ అంటుకుంటూనే ఉండేవి. వాటిని మొలవకముందే గోకి పారేయాలని సుంకన్న చెప్పాడు. ఎవరు గోకాలి అని మందలో ప్రశ్న వచ్చింది.

"మద్దిలేటికి ఇవ్వండి," అంది లింగమ్మ. "ఏది రెట్టో, ఏది విత్తనమో ఇప్పుడు ఆయనకు బాగా తెలుసు."

ఆనాటినుంచి రోజూ పొద్దున్నే మద్దిలేటి కొమ్మ కొమ్మా తిరిగి, గోళ్లతో పిట్టరెట్టలు గోకుతుంటాడు. జిగట గోళ్లకు పడుతుంది, రాతికి రాసి వదిలించుకుంటాడు, మళ్లీ గోకుతాడు. కింద దారిన పోయే కొత్త దుప్పి ఎవరైనా తల ఎత్తి, "ఏం చేస్తున్నావన్నా అక్కడ?" అని అడిగితే, ఒక దగ్గు దగ్గి, వెన్ను నిటారు చేసి, "చెట్టంతా నా తనిఖీలో ఉంది తమ్ముడూ!" అంటాడు.

తన చెట్టు సత్తువ ఎటు పోతోందో చూసుకోనివాడికి, పైన కనిపించే పచ్చదనమంతా తన గొప్పే అనిపిస్తుంది.